తాళం వేశారు, గొళ్ళెం మరిచారు

మధ్యాహ్నం పన్నెండు కావస్తోందనగా దారుషిఫాలోని సాలార్‌జంగ్ మ్యూజియంలో జనమంతా ఒకే చోటికి చేరతారు. స్కూలు పిల్లలు ముందు వరుసల్లో సర్దుకుంటారు. అమ్మమ్మలు కూచునే చోటు వెతుక్కుంటారు. మిగిలినవాళ్ళు ఫోన్లు పైకెత్తి నిలబడతారు. కుక్ అండ్ కెల్వీ గడియారంలోంచి గడ్డం బొమ్మ బయటికొచ్చి, పన్నెండు గంటలూ కొట్టి, లోపలికి పోతుంది. చప్పట్లు. పావుగంటలో అక్కడెవరూ ఉండరు. మ్యూజియం చూసేశామనుకుంటూ సగంమంది మదీనా చౌరస్తా వైపు భోజనానికి నడుస్తారు.

ఒకసారి నాతోపాటు ఆ గడియారం చూసిన మిత్రుడొకాయన, సర్కారు కొలువులో చాలా శాఖలు తిరిగి రిటైరైనవాడు, బయటికొస్తూ అన్నాడు: "చూశారా, దాని మానాన అది కొడుతోంది. రెబెక్కా విగ్రహం ఎక్కడికీ పోదు. సామాన్లున్నాయి, తాళాలున్నాయి, కెమెరాలున్నాయి. ఇంకా క్యూరేటర్లు, వాళ్ళందరి మీదా ఓ పెద్ద క్యూరేటరు, ఎందుకండీ ఇదంతా? ఓ గట్టి మేనేజర్ని వెయ్యండి, టికెట్లు రెట్టింపవుతాయి."

ఈ మాట ఆయనొక్కడిదే అయితే టీ తాగి మరిచిపోయేవాణ్ణి. ఫైళ్ళలో, పత్రికల్లో, పెళ్ళి భోజనాల దగ్గరా ఇదే వినిపిస్తుంది. వస్తువుల శాఖకు పెద్దగా ఉండాల్సిన మనిషి రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగా ఉన్నా ఎవరికీ నిద్ర చెడదు. పక్క సెక్షన్ ఆయనకు "అదనపు బాధ్యతలు" అని ఒక కాగితం వస్తుంది. ఆయన తాళంచెవుల గుత్తి తీసుకుంటాడు. పని జరిగిపోయినట్టే లెక్క.

ఈ అభిప్రాయం నాలుగు కాళ్ళ మంచం. మొదటి కాలు: ఇది ఒక్క మనిషి సేకరణ, ఆయనతోనే పూర్తయిపోయింది, కొత్తగా తేల్చేదేమీ లేదు. రెండోది: ఇక మిగిలింది కాపలా, దానికి గార్డులు చాలు. మూడోది: తెలియాల్సిందంతా కంప్యూటర్లోకి ఎక్కింది. నాలుగోది: మ్యూజియం బాగోగులకు జనసంఖ్యే కొలత. ఒక్కో కాలూ కదిపి చూద్దాం.

"ప్రపంచంలోనే అతిపెద్ద ఏకవ్యక్తి సేకరణ" అనే మాట హైదరాబాదు పిల్లలకు ఉగ్గుపాలతోనే వస్తుంది. ఆ ఒక్క వ్యక్తి మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్. పుట్టింది 1889లో, పోయింది 1949లో. మధ్యలో కొద్దికాలం ఏడో నిజాం దగ్గర దివాన్‌గిరీ చేసి, దిగిపోయాక ఆస్తినీ ఆయుష్షునీ వస్తువుల మీదే ఖర్చుపెట్టాడు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ మ్యూజియంలో అందరూ మొదట అడిగే వస్తువేది? మేలిముసుగు రెబెక్కా. పాలరాతిలో తడిబట్ట చుట్టినట్టు ముఖం కనిపించే ఆ విగ్రహాన్ని ఇటలీ శిల్పి జియోవాన్ని మారియా బెంజోని చెక్కాడు. దాన్ని రోములో కొన్నది మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్, 1876 యూరప్ ప్రయాణంలో. అంటే "ఏకవ్యక్తి" పుట్టడానికి పదమూడేళ్ళ ముందే అది కొనుగోలైపోయింది. అలాంటి రెబెక్కా ప్రపంచంలో ఇంకోటి లేదని కూడా గొప్పగా చెప్పుకుంటాం. బెంజోని ఆ శిల్పాన్ని ఒకటికంటే ఎక్కువసార్లే చెక్కాడు. అమెరికాలో అట్లాంటా నగరపు హై మ్యూజియంలో ఒకటుంది.

ఇది తప్పులు పట్టే సరదా కోసం చెప్పడం లేదు. ఏ వస్తువు ఏ తరం చేతికి, ఎక్కణ్ణుంచి, ఎంతకు, ఎవరి ద్వారా వచ్చిందో విడదీస్తేనే మూడు తరాల అభిరుచి, ఒక సంస్థానం డబ్బు, ఒక కాలపు యూరప్ మోజు మనకు అర్థమవుతాయి. "అంతా ఆయనే కొన్నాడు" అనగానే ఆ కథకు తలుపు మూసేసినట్టే. సేకరణ పూర్తయి ఉండొచ్చు. దాని గురించి తెలుసుకోవడం ఇంకా సగంలోనే ఉంది.

ఇంకో సంగతి. 1949లో యూసుఫ్ అలీ ఖాన్ పోయేనాటికి ఉన్నది మ్యూజియం కాదు, దివాన్ దేవిడీ అనే భవంతి నిండా సామాను. అప్పటి హైదరాబాదు ముఖ్య పాలనాధికారి ఎం.కె. వెల్లోడి ఆ సామాను సర్దడానికి ఎవర్ని పిలిచాడు? కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌ని. మన మదనపల్లె కాలేజీలో ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఐరిష్ మనిషి ఈయనే. 1919లో ఠాగూరు అక్కడికి వచ్చినప్పుడు "జనగణమన" బాణీ స్థిరపడటంలో చెయ్యి వేసిన మార్గరెట్ ఈయన భార్యే. ఏది దేని పక్కన ఉండాలో, ఏది ఏ గదికి పోవాలో చూడటానికి ఒక పండితుడి కన్ను పడ్డాకే 1951 డిసెంబరు 16న నెహ్రూ ప్రారంభించడానికి ఒక మ్యూజియం తయారైంది. కొన్నవాడు ప్రభువు, నిజమే. కొన్నదాన్ని మ్యూజియంగా మార్చింది మాత్రం ఇవాళ మనం అక్కర్లేదంటున్న ఉద్యోగమే. మొదటి కాలు ఇక్కడే విరిగింది.

ఇక కాపలా. దారుషిఫాకి కూతవేటు దూరంలో పురానీ హవేలీ ఉంది. ఏడో నిజాం రజతోత్సవ కానుకల మ్యూజియం అందులోనే. 2018 సెప్టెంబరు మొదట్లో ఒక రాత్రి ఇద్దరు దొంగలు వెంటిలేటరు గుండా తాడు కట్టుకుని దిగి, వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సునీ, కప్పు సాసర్లనీ, చెంచానీ పట్టుకుపోయారు. పది రోజులు తిరక్కముందే పోలీసులు పట్టుకున్నారు. కెమెరాల పుణ్యమూ అందులో ఉంది, కాదనను. కానీ కెమెరా చెప్పేది ఎవరు వచ్చారో, ఎటు పోయారో. దొరికిన బాక్సు అదేనా, బరువెంత, ఎన్ని రాళ్ళుండాలి, ఏ మూత మీద ఏ నొక్కు ఉండాలి అని అడిగితే కెమెరా దగ్గర జవాబు లేదు. జవాబు ఉండాల్సిన చోటు రిజిస్టరు. ఆ రిజిస్టరులో "బంగారు టిఫిను, ఒకటి" అని రాసి ఊరుకోవాలా, నాలుగు వైపులా ఫొటోలు తీసి, గ్రాముల్లో తూచి, పాత అతుకుల దగ్గర్నుంచి రాసిపెట్టాలా అన్నది వస్తువు తెలిసినవాడు తీర్మానించాల్సిన విషయం.

ఇంకాస్త దూరం వెళ్దాం. ప్రకాశం జిల్లా చందవరం. గుండ్లకమ్మ ఒడ్డున బౌద్ధ స్తూపం. 1964లో పురావస్తు శాఖవారు దాన్ని గుర్తించారు, డెబ్బైల్లో తవ్వారు. అక్కడి సున్నపురాతి శిల్పం ఒకటి, బుద్ధుణ్ణి కొలిచే భక్తులది, మాయమై తేలి తేలి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో తేలింది. 2005లో వాళ్ళు దాన్ని న్యూయార్కు వ్యాపారి దగ్గర 5,95,000 డాలర్లకు కొన్నారు. 2016లో భారత్‌కి తిరిగిచ్చేశారు. ఏం చూసి ఇచ్చారు? మన తుపాకులు చూసి కాదు. ఆ రాయి ఒకప్పుడు ఇక్కడే ఉండేదని చూపించే పాత ఫొటోలు బయటపడ్డాయి కాబట్టి. తాళం పోయినా ఫొటో నిలిచింది. దొంగ పని ఒక రాత్రిలో అయిపోతుంది, ఆ రాత్రిని పదిహేనేళ్ళ తర్వాత తిప్పికొట్టేది ఎప్పుడో ఎవరో ఓపిగ్గా చేసిపెట్టిన నమోదు.

నమోదు లేకపోతే ఏమవుతుందో లండన్ చూపించింది. 2023 ఆగస్టులో బ్రిటిష్ మ్యూజియం తన గోదాములోంచి వస్తువులు పోయాయని ఒప్పుకుంది. లెక్క 2,000 దాకా వెళ్ళింది. డైరెక్టరు రాజీనామా చేశాడు. పోయినవాటిలో చాలా భాగం చిన్నచిన్న రత్నాలు, నగలు, సరిగ్గా జాబితాకెక్కనివి. జాబితాలో లేని వస్తువు పోతే పోయిందని కూడా తెలీదు. "అక్కడ అనుమానం పడ్డది మ్యూజియం లోపలి మనిషి మీదే కదా, మరి మీ పండితుల్ని నమ్మేదెలా?" అని మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్న. నేను మనిషిని నమ్మమనడం లేదు, రాతను నమ్మమంటున్నాను. ఆ రాత రాయించి, ఏటేటా సరిచూసి, కింద సంతకం పెట్టి, తేడా వస్తే సమాధానం చెప్పే బాధ్యత ఒకరి నెత్తిన ఉండాలంటున్నాను. ఆ నెత్తి పేరే క్యూరేటోరియల్ విభాగాధిపతి.

ఆ సరిచూడటం ఎంత పనో కాస్త లెక్క కడదాం. సాలార్‌జంగ్‌లో కళావస్తువులు సుమారు 46,000. రాతప్రతులు 8,000 దాకా, అచ్చు పుస్తకాలు 60,000 పైచిలుకు వేరే. ఒక బృందం రోజుకి నలభై వస్తువులు తీసి, రిజిస్టరుతో పోల్చి, పగుళ్ళూ పురుగూ చూసి, మళ్ళీ చోట పెట్టిందనుకోండి. ఏడాదికి 250 పనిదినాలు. కళావస్తువులకే నాలుగున్నరేళ్ళు దాటుతుంది. అదనపు బాధ్యతల మనిషి ఆర్నెల్లకోసారి మారుతుంటే ఈ లెక్క ఎప్పటికి తెములుతుంది? కేంద్ర మ్యూజియంలలో జాబితాలూ తనిఖీలూ ఎంత అధ్వాన్నంగా ఉన్నాయో 2013లోనే కాగ్ ఎత్తిచూపింది. కాపలా గట్టిగా ఉంది, ఏం కాస్తున్నామో లెక్క లేదు. తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని అంటే ఇదే.

మూడో కాలు కంప్యూటరు. "జతన్" అనే సాఫ్ట్‌వేరు వచ్చింది, పోర్టల్ వచ్చింది, ఇంట్లో కూచుని బొమ్మలు చూడొచ్చు. సంతోషం. కానీ ఇల్లలకగానే పండగ కాదు. కంప్యూటరు మనం చెప్పిందే చెబుతుంది, తప్పు చెబితే తప్పే చెబుతుంది. వెనకటికి తప్పు ఒక రిజిస్టరులో, ఒక గదిలో ఉండేది. పోర్టల్ ఎక్కాక ప్రపంచమంతా అదే నిజమై తిరుగుతుంది.

ఒక వస్తువును దగ్గరగా చూద్దాం. సాలార్‌జంగ్ జేడ్ గదిలో ఒక రెహల్ ఉంది, ఖురాను పెట్టుకుని చదివే పీట. దాని మీద షంసుద్దీన్ అల్తమష్ పేరుందనీ, తేదీ 1209–10 అనీ మ్యూజియం పరిచయాలు చెబుతాయి. అల్తమష్, అంటే ఇల్తుత్‌మిష్, ఢిల్లీ గద్దె ఎక్కింది 1211లో. ఇప్పుడు ఆలోచించండి. సుల్తాను కాకముందు, బదాయూలో అధికారిగా ఉన్నప్పుడే ఆయన కోసం దీన్ని చేశారా? అలాగైతే పేరు ముందు ఏ బిరుదు చెక్కారు? పేరు తర్వాతి తరాలవాళ్ళు ఎవరైనా చెక్కించారా? హిజ్రీ అంకెను ఎవరైనా ఒకటి బదులు ఇంకోటి చదివారా? ఆ కాలపు ఢిల్లీలో జేడ్ పని చేసేవారున్నారా, వస్తువు మధ్యాసియా నుంచి వచ్చిందా? మొదట అక్షరం ఆకారం తెలిసిన ఫారసీ చదువరి కావాలి. ఆ తర్వాత రాయి తెలిసిన మనిషి, మొఘల్ జేడ్‌తో పోల్చగల కన్ను కావాలి. అదే గదిలో షాజహాను విలుకాడి ఉంగరం ఉంది, "సాహిబ్-ఎ-ఖిరాన్-ఎ-సానీ" బిరుదుతో సహా. అది ఒక కొలబద్ద. ఈ ముగ్గుర్నీ ఒక బల్ల చుట్టూ కూచోబెట్టి, వాదించుకోనిచ్చి, చివరికి లేబుల్ మీద ఏం రాయాలో తీర్మానించాల్సింది విభాగాధిపతి. "ఇది ఫలానావారిది" అని రాయడం తేలిక. "ఫలానావారిదని ప్రతీతి, సందేహం ఇదీ" అని రాయడానికి చదువూ గుండే రెండూ కావాలి. టిప్పు సుల్తానుకు పదహారో లూయీ పంపాడని చెప్పే దంతపు కుర్చీలదీ ఇదే దారి. "అంటారు" అనే మాటకీ "అని తేలింది" అనే మాటకీ మధ్య ఉన్న దూరమే ఆ ఉద్యోగం. సాఫ్ట్‌వేరుకి ఆ దూరం కనిపించదు, దానికి ఉన్నది ఒక గడి, అందులో ఏదో ఒకటి నింపాలి.

నాలుగో కాలు జనం. జనం రావాలి. ప్రజల డబ్బుతో, 1961 నాటి పార్లమెంటు చట్టంతో, గవర్నరు అధ్యక్షతన బోర్డుతో నడిచే మ్యూజియం ఖాళీగా ఉంటే అది నేరమే. పండితులే జనాన్ని దూరం పెట్టారన్న ఫిర్యాదులో కూడా నిజముంది. చీమల్లాంటి అక్షరాలతో లేబుళ్ళు, ఏ వస్తువు ఎందుకు ముఖ్యమో చెప్పకుండా "గిన్నె, చైనా, 18వ శతాబ్దం" అని తేల్చేయడం, తెలుగు చదివే మనిషికి తెలుగులో అక్షరం ముక్క దొరక్కపోవడం మన మ్యూజియాలన్నిట్లో చూశాం. దీనికి నేను వకాల్తా పుచ్చుకోను.

కానీ మేనేజరు వస్తే ఏం చేస్తాడు? జనం ఎక్కడ గుమిగూడుతున్నారో చూసి అక్కడే ఇంకో నాలుగు కుర్చీలు వేస్తాడు. గడియారం ముందు గుంపు రెట్టింపవుతుంది. ఆ గుంపుకి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఈ నగరాన్ని 1591లో కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా తన దక్కనీ కవితల్లో తెలుగు మాటలు కలిపి రాసినవాడు. ఆ కవితల సంపుటి, కుల్లియాత్, రాతప్రతి ఈ మ్యూజియంలోనే ఉంది. మ్యూజియం నిలబడ్డ దారుషిఫా పేటకు ఆ పేరిచ్చిన ఆస్పత్రిని కట్టించిందీ ఆయనే. చార్మినార్ చూసి, గడియారం చూసి, ఆ రెండింటికీ మధ్య ఉన్న మనిషిని చూడకుండానే ఇంటికి పోతున్నాం. ఈ ముడి విప్పి చెప్పగలిగితే పన్నెండు తర్వాత కూడా జనం ఆగుతారు. విప్పడానికి ఆ ప్రతిని చదివినవాడు కావాలి. ఇంకో కష్టమూ ఉంది. కాగితానికి వెలుగు శత్రువు, రాతప్రతిని 50 లక్సులు మించని మసక వెలుగులోనే పెట్టాలి, అదీ కొన్ని నెలలే, తర్వాత చీకట్లో విశ్రాంతి ఇవ్వాలి. పండగ రద్దీలో "ఇంకో నెల ఉంచండి, జనం అడుగుతున్నారు" అని పైనుంచి ఫోనొస్తే, "కుదరదండీ" అనే గొంతు ఒకటి ఆ భవనంలో ఉండాలి. టికెట్ల లెక్కతో తన పనితనం తూచేవాడికి ఆ గొంతు పెగలదు.

పండితులు తప్పు చెయ్యరా? చేస్తారు. నిజాం కాలంలోనే చేశారు. గులాం యజ్దానీ అంతటివాడు పురావస్తు శాఖ నడిపిస్తున్నప్పుడు, 1920 ప్రాంతంలో, అజంతా బొమ్మల్ని కాపాడటానికి ఇటలీ నుంచి నిపుణుల్ని రప్పించారు. వాళ్ళు రంగులు నిలవడానికి లక్క వార్నిష్ పూశారు. కాలక్రమాన అది పసుపెక్కి బొమ్మలకు మసక కమ్మింది. తర్వాతివాళ్ళు ఏళ్ళ తరబడి దాన్ని తొలగించాల్సి వచ్చింది. నా వాదనకు ఇది అడ్డం అనుకోవచ్చు. నాకలా అనిపించదు. ఎవరు, ఎప్పుడు, ఏం పూశారో తెలుసు కాబట్టే తొలగించే దారి వెతకగలిగారు. తెలిసినవాడు చేసిన తప్పుకు చిరునామా ఉంటుంది. తెలియనివాడు దుమ్ము పట్టిందని తడిగుడ్డతో తుడిచేస్తే, ఆ తప్పుకు సాక్షి కూడా మిగలడు.

కాబట్టి నేనడిగేది చాలా చిన్నది. ఆ కుర్చీ ఖాళీ కాకముందే దానికి మనిషిని వెతకండి. ఆ మనిషికి ఫారసీయో, సంస్కృతమో, లోహమో, రాయో, ఏదో ఒకటి లోతుగా తెలిసి ఉండాలి. తెలియనిదాన్ని తెలిసినవాళ్ళతో చెప్పించే ఓర్పు ఉండాలి. ఏ వస్తువు కదలాలో, ఏది కదలకూడదో అతని మాటే చెల్లాలి. మేనేజరు ఉండనివ్వండి. టికెట్లు, మరుగుదొడ్లు, క్యాంటీను, పార్కింగు ఆయన చూసుకోనివ్వండి, మొక్కి వస్తాను. వస్తువుల మీద నిర్ణయం మాత్రం ఆయన చేతిలో పెట్టకండి.

ఇదంతా చెప్పాక కూడా మా మిత్రుడు మెత్తబడలేదు. ఇద్దరం మ్యూజియం ఎదుట మూసీ వైపు తిరిగి నిలబడ్డాం. అక్కడ నది అంటే పేరుకే నది. కానీ 1908 సెప్టెంబరు 28న ఈ నది పొంగే వేలమందిని మింగింది. ఉస్మాన్‌సాగర్ కట్టింది ఆ దెబ్బ తిన్నాకే. 2020 అక్టోబరు వానల్లో పాతబస్తీ ఇళ్ళల్లోకి నీళ్ళు ఎలా వచ్చాయో ఆయన కళ్ళారా చూసినవాడే. అడిగాను: "రాత్రి రెండు గంటలకి నీళ్ళు లోపలికొస్తున్నాయని ఫోనొచ్చింది. చేతిలో పదిమంది మనుషులు, ఒక గంట టైము. మీరే ఇన్‌ఛార్జి. మొదట ఏది ఎత్తిస్తారు?"

ఆయన తడుముకోలేదు. "రెబెక్కా."

పాలరాయి తడిస్తే కడుక్కోవచ్చు. నిలువెత్తు విగ్రహాన్ని పదిమంది కలిసి కదిలించబోతే చెయ్యి విరిగేది దానికే. ఆ గంటా అలా గడిచిపోతుంది, ఈలోగా కింది అరల్లో ఎన్ని కాగితాలు ముద్దవుతాయో. ఏ అర మొదట, ఏది తర్వాత, ఏది తడిసినా ఫరవాలేదు అని ముందే రాసి, మనుషులకు నేర్పించి, గోడకు తగిలించి ఉంచేవాడు ఒకడుండాలి. ఆయన తాళంచెవులు తెస్తానన్నాడు. నేనడిగింది ఆ జాబితా.